నాలుగు బల్లలు, ఒకే ఎత్తు

సామర్తిపేట వడ్రంగుల సహకార సంఘం షెడ్డులోని నాలుగు పనిబల్లలను కలిపి ఒకే పెద్ద బల్లగా చేయడానికి వీలుగా, ఆ బల్లల దగ్గర పనిచేసే నలుగురు వడ్రంగులనూ ఒకే ఎత్తుకు తీసుకురావడానికి అనుమతి మంజూరైందన్న శుభవార్త సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు అందింది. కవరు తెచ్చినాయన సంతకం కోసం పెన్ను అడిగాడు. షెడ్డులో అందరి చెవుల మీదా పెన్సిళ్లే ఉన్నాయి. పెన్సిలు సంతకం చెల్లదు కాబట్టి శుభవార్త మరో పావుగంట గుమ్మం బయటే నిలబడి, ఎదురు కిళ్లీకొట్టు నుంచి పెన్ను వచ్చాక లోపలికి వచ్చింది.

మేస్త్రీ వీరబ్రహ్మం గారు కళ్లజోడు సవరించుకుని ఉత్తర్వు చదివారు. అందులో పెద్ద బల్లను 'సమీకృత కార్యపీఠం' అన్నారు. ఆ మాట విని నలుగురూ తమ బల్లల వైపు ఒకసారి గౌరవంగా చూశారు. తర్వాత వేడి పకోడీలు తెప్పించుకున్నారు.

రెండేళ్ల కిందట సంఘం అడిగింది చాలా చిన్న కోరిక. పద్నాలుగు అడుగుల దూలాన్ని చిత్రిక పట్టాలంటే దాని తల ఒకరి బల్ల మీద, తోక మరొకరి బల్ల మీద పెట్టాలి. బల్లలన్నీ తలో ఎత్తులో ఉన్నాయి కాబట్టి ఎగుడుదిగుళ్లకు చెక్కముక్కలు, ఇటుకలు, ఒకసారైతే నలుగురిలో ఒకడైన మస్తాన్ టిఫిన్ క్యారేజీ కూడా ఆసరా పెట్టవలసి వచ్చింది. పప్పుచారు దూలానికంతా పట్టింది. నాలుగు బల్లలూ పక్కపక్కన చేర్చి బిగిస్తే ఈ బాధ ఉండదు కదా అని సంఘం వారు అర్జీ పెట్టుకున్నారు. అర్జీ సమీకరణ శాఖకు వెళ్లింది. సమీకరణ శాఖ వారు బల్లల ఎత్తు ఎంతో తెలపమన్నారు. సంఘం వారు తమ పాత రిజిస్టరు పంపారు.

ఆ రిజిస్టరులో బల్లల ఎత్తు అంగుళాల్లో లేదు. షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరిన వడ్రంగిని నిటారుగా నిలబెట్టి, చెయ్యి వేలాడదీయించి, పిడికిలి బిగించమంటారు. ఆ పిడికిలి కిందికి సరిగ్గా వచ్చేలా అతని బల్ల చేస్తారు. అంతకన్నా ఎత్తైతే భుజం లాగుతుంది, పొట్టైతే నడుం పోతుంది. కాబట్టి రిజిస్టరులో 'బల్ల ఎత్తు' అన్న గడిలో 'వీరబ్రహ్మం పిడికిలి', 'నాగలింగం పిడికిలి', 'మస్తాన్ పిడికిలి', 'మౌనేశ్వరాచారి పిడికిలి' అని మాత్రమే రాసి ఉంది. పదకొండు టేపులున్న ఆ షెడ్డులో ఇన్నేళ్లుగా ఒక్క బల్లకూ ఎవరూ టేపు పెట్టలేదు. రిజిస్టరును పదహారు నెలలు పరిశీలించిన శాఖ, బల్ల ఎత్తు మనిషి ఎత్తు మీద ఆధారపడి ఉన్నందున ముందుగా మనిషిని సరిచేయవలెనని తేల్చింది. మనిషి సరైతే బల్ల దానంతటదే సరవుతుంది.

మంగళవారం సమీకరణ ఇన్‌స్పెక్టరు తారకేశ్వరరావు గారు వచ్చారు. ఆయన చేతిసంచిలో ఒక సన్న చెక్క, ఒక రసమట్టం, కార్బన్ కాగితాలు ఉన్నాయి. నలుగురినీ గోడకు ఆనించి వరసగా నిలబెట్టి, తలల మీద చెక్క వేసి, దాని మీద రసమట్టం పెట్టారు. బుడగ పరుగున వెళ్లి మౌనేశు వైపు చేరి అక్కడే కూర్చుంది.

"బల్లల కాళ్లు కోసేస్తే సరిపోద్ది కదండీ. అరగంట పని" అన్నాడు మస్తాన్, తల కదపకుండా.

"బల్లలు ఆస్తుల జాబితాలో ఉన్నాయయ్యా. ఆస్తి కాలు కోయాలంటే జిల్లా కమిటీ తీర్మానం, నిరుపయోగ ధ్రువపత్రం, ముగ్గురు సాక్షులూ కావాలి."

"మరి మేమండీ?"

"మీరు ఏ జాబితాలోనూ లేరు. అదే సౌలభ్యం."

లెక్క తేలికగానే తేలింది. మౌనేశు ఆరడుగుల ఒక అంగుళం. మేస్త్రీ అయిదడుగుల నాలుగు. నాగలింగం అయిదడుగుల ఒకటి. మస్తాన్ అయిదడుగుల ఆరు. సరాసరి అయిదడుగుల ఆరు అంగుళాలు. మౌనేశు దగ్గర మిగులుగా కనిపించిన ఏడు అంగుళాల్లో అయిదు నాగలింగానికి, రెండు మేస్త్రీకి వెళ్తాయి. ఒక్క అంగుళం కూడా షెడ్డు దాటి బయటికి పోకూడదని ఉత్తర్వులో గీత గీసి మరీ రాశారు. అన్నింటికన్నా ఇబ్బంది పెట్టింది మస్తాన్ ఫారం. అతను అప్పటికే సరాసరి ఎత్తులో ఉన్నాడు. అతన్ని అయిదడుగుల ఆరు నుంచి అయిదడుగుల ఆరుకు మార్చడానికి అదనంగా రెండు కాగితాలు, మార్పు తర్వాత అతను అతనే అని చెప్పే ఒక హామీపత్రం అవసరమయ్యాయి.

మౌనేశు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. అతనికి పెళ్లయి అప్పటికి పద్దెనిమిది రోజులు. పెళ్లైన వడ్రంగి తన మొదటి మంచాన్ని సొంత బల్ల మీదే చేసుకోవాలని షెడ్డులో మరో ఆనవాయితీ ఉంది. మంచం పొడుగు అతని ఎత్తుకు ఒక జాన ఎక్కువ ఉండాలి. పరాయి బల్ల మీద చేసిన మంచం కిర్రుమంటుంది. అద్దె ఇంట్లో, ఒంటి ఇటుక గోడకు అవతల ఇంటావిడ పడుకునే చోట, కొత్తగా పెళ్లైన వాళ్లకు అది చిన్న విషయం కాదు. మౌనేశు రెండు పక్కల పట్టెలూ ఎనభై రెండు అంగుళాలకు కోసి, చిత్రిక పట్టి, బల్ల కింద పెట్టుకున్నాడు. మంచం కోళ్లు నాలుగూ ఇంకా చెయ్యాలి.

"పది రోజులు ఆగండి సార్. మంచం అయిపోగానే సంతకం పెట్టేస్తాను" అన్నాడు.

"నీకే లాభం కదయ్యా. పొట్టి మనిషికి పొట్టి మంచం. కలప మిగులుద్ది" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నలుగురిలో ఒకరు సంతకం పెట్టకపోయినా అనుమతి రద్దవుతుందనీ, మళ్లీ అర్జీ పెట్టుకోవడానికి అయిదేళ్లు ఆగాలనీ ఆయన మర్యాదగానే చెప్పారు.

మేస్త్రీ గొంతు సవరించుకున్నారు. "నీ దగ్గర ఎక్కువుంది, వాడి దగ్గర తక్కువుంది. పెళ్లి కూడా అయిపోయింది. ఇంక ఎత్తుతో నీకేం పనిరా?"

"పెళ్లయ్యాకే పని పడింది బాబాయ్. అటక మీద జాడీ ఎవరు దించుతారు?"

"కింద పెట్టుకోండ్రా జాడీ. ఎవరొద్దన్నారు?" అన్నాడు మస్తాన్.

నలభై రెండేళ్లుగా నాగలింగం పెళ్లి ఫొటోల్లో ముందువరసలో పిల్లలతో నిలబడుతున్నాడు. బస్సులో పైకమ్మీ ఎప్పుడూ పట్టుకోలేదు. "నేనడగలేదురా మౌనేశూ. గవర్నమెంటే ఇస్తంది" అన్నాడు. అడగలేదు గానీ పెన్ను వైపే చూస్తున్నాడు. మౌనేశు సంతకం పెట్టాడు.

అటక మీద జాడీ కథ మౌనేశు భార్య వకుళది. డిగ్రీ చదివిన వకుళకు తెలిసినంతలో, రోజూ వాడే జాడీని అటక మీద పెట్టడంలో అర్థం లేదు. అయినా కాపురానికి వచ్చిన మూడో రోజున స్టూలెక్కి మరీ మాగాయ జాడీని అటక మీదికి చేర్చింది. రోజూ అన్నం వడ్డించాక "ఏవండీ, మాగాయ" అని పిలుస్తుంది. అతను వంటింటి గుమ్మం దగ్గర తల వంచి, లోపలికి వచ్చి, మునివేళ్ల మీదైనా లేవకుండా జాడీ దించుతాడు. ఆ వంగడాన్ని చూడటం ఆమెకు ఇష్టం. ఆమె అయిదడుగుల ఒక అంగుళం. దగ్గరగా నిలబడితే అతని గడ్డం సరిగ్గా ఆమె పాపిట మీద ఆనుతుంది, చొక్కాజేబులోని పెన్సిలు ఆమె చెంపకు గుచ్చుకుంటుంది. పెన్సిలు తీసెయ్యమని ఆమె ఎన్నడూ అనలేదు.

మంగళవారం సాయంత్రం సంగతంతా విని వకుళ, "ఏడు అంగుళాలా? ఒకటో రెండో ఇచ్చి ఊరుకోవచ్చు కదండీ" అంది.

"సరాసరి అంట. బేరం ఉండదంట."

"పోనీ, ఇచ్చే ముందు నన్నొక మాట అడగొద్దూ? అందులో సగం నేనే వాడుకుంటున్నాను."

ఇది న్యాయమైన మాటే. అందుకే బుధవారం ఉదయం ఆమె తెల్లకాగితం మీద, మార్జిను వదిలి, పొందికైన అక్షరాలతో సమీకరణ శాఖకు అర్జీ రాసింది. తన భర్తకూ తనకూ మధ్య ఉన్న పన్నెండు అంగుళాల తేడా తమకు అలవాటైందనీ, తాము తయారు చేసుకుంటున్న మంచం పాత ఎత్తుకు కొలిచి కోసిందనీ, మనుషులు ఇద్దరైనా మంచం ఒక్కటే గనుక దాన్ని దృష్టిలో పెట్టుకుని తగిన నిర్ణయం తీసుకోవలసిందిగా ప్రార్థన అనీ రాసింది. చదువుకున్న అమ్మాయి కాబట్టి అర్జీలో ఒక్క తప్పు కూడా లేదు. జరిగిన తప్పల్లా అర్జీ రాయడమే.

గురువారం తెల్లవారేసరికి ఎత్తులు అమల్లోకి వచ్చాయి. మౌనేశు నిద్ర లేచి, లుంగీ మడత ఒకటి ఎక్కువ వేసుకుని, వంటింట్లోకి వెళ్తూ అలవాటుగా తల వంచాడు. తలకూ గుమ్మానికీ మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. "ఇంక వంగక్కర్లేదు" అన్నాడు. వకుళ నవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న ముఖాన్ని అలాగే పొయ్యి వైపు తిప్పుకుంది.

షెడ్డులో మాత్రం అంతా శాఖ చెప్పినట్టే జరిగింది. నలుగురూ నిటారుగా నిలబడి పిడికిళ్లు బిగించగానే నాలుగు బల్లలూ చిన్నగా మూలిగి, రిజిస్టరులో రాసిన ప్రకారం ఆ పిడికిళ్ల కిందికి వచ్చి ఆగాయి. వాటిని పక్కపక్కన చేర్చి, నట్లూ బోల్టులతో బిగించి, పైన ఒకే పలక పరిచారు. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలిచింది. పదహారు అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పున్న ఆ బల్ల ఎంత బాగుందంటే, దాన్ని పెట్టాక షెడ్డులో దూలం తిప్పడానికి చోటు లేకుండా పోయింది. దూలాలను బయట ఎండలో, ఇటుకల మీద పెట్టి చిత్రిక పట్టుకుంటున్నారు. టిఫిన్ క్యారేజీ మళ్లీ పనిలోకి వచ్చింది.

నాగలింగం ఆ రోజు బస్సులో పైకమ్మీ పట్టుకుని, కూర్చోవడానికి సీటు ఖాళీగా ఉన్నా చివరి స్టాపు దాకా నిలబడే వెళ్లాడు. అయితే కొత్త అంగుళాలకు పాత అలవాట్లు పోలేదు. అయిదడుగుల ఆరు అంగుళాల మనిషి ఏడడుగుల గుమ్మాల దగ్గర కూడా తల వంచుతున్నాడు. "మోకాళ్ల దగ్గరివి ఇచ్చావేంట్రా? మెట్లెక్కుతుంటే నీ నడకే వస్తంది" అని మౌనేశును అడిగాడు. మౌనేశుకు తెలియదు. ఎక్కడివి తీశారో ఫారంలో రాయలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వకుళ భోజనం తీసుకుని షెడ్డుకు వచ్చింది. పెద్దబల్ల అవతలి పక్కన ఉన్న భర్తను "ఏవండీ" అని పిలిచింది. మౌనేశు తల ఎత్తేలోపు నాగలింగం కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి, గాలిలో ఏదో దించబోయింది. షెడ్డులో చిత్రికలు ఆగాయి. నాగలింగం ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని కిందికి దించాడు.

"ఏమీ అనుకోకమ్మా. నాకు సంబంధం లేదు, చెయ్యే..." అన్నాడు, చెవులు ఎర్రబడి.

"ఫర్లేదు బాబాయ్‌గారూ" అంది వకుళ. క్యారేజీ పెద్దబల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం స్టూలు వేసుకుని, మాగాయ జాడీని తనే దించి, పొయ్యిగట్టు పక్కన పెట్టుకుంది. మాగాయ రుచి మారలేదు. అయినా ఆ రోజు ఇద్దరూ పెరుగుతోనే తినేశారు.

మంచం ఆదివారానికి పూర్తయింది. సొంత బల్ల అన్నది ఇప్పుడు లేదు కాబట్టి పెద్దబల్ల మీదే చేశారు. ఒక బల్ల మీద ఒకే పని అన్నది నిబంధన గనుక నలుగురూ కలిసి తలో కోడూ చెక్కారు. నాలుగు కోళ్లూ నాలుగు తీర్ల చెక్కడాలతో ఉన్నాయి. ఎత్తులో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. మౌనేశు పడుకుంటే కాళ్ల దగ్గర జానకు తోడు మరో ఏడు అంగుళాలు ఖాళీ మిగిలింది. వకుళ ఆ ఖాళీలో మడతపెట్టిన దుప్పటి ఉంచింది. తర్వాత మంచం అంచున కూర్చుంది. మంచం కిర్రుమంది. గోడకు అవతల ఇంటావిడ భ్రమరాంబ గారు దగ్గారు. ఈ రెండు శబ్దాలూ ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు.

సోమవారం వకుళ అర్జీకి జవాబు వచ్చింది. అయిదు రోజుల్లో జవాబు రావడం శాఖ చరిత్రలో లేదు. తారకేశ్వరరావు గారు స్వయంగా తెచ్చారు. ఆయన కొత్త మంచం మీద కూర్చుని, అది కిర్రుమన్నా పట్టించుకోకుండా, చదివి వినిపించారు. అర్జీదారు తమ మంచం సంగతి స్వచ్ఛందంగా శాఖ దృష్టికి తెచ్చినందుకు శాఖ హర్షం వ్యక్తం చేసింది. ఒక బల్ల దగ్గర పనిచేసే వారికి ఒకే ఎత్తు ఉండవలెనన్న సూత్రం ఒక మంచం మీద పడుకునే వారికి ఎందుకు వర్తించరాదో పరిశీలించి, వర్తించునని తేల్చింది. భర్త అయిదడుగుల ఆరు, భార్య అయిదడుగుల ఒకటి. ఇద్దరికీ ఇకపై అయిదడుగుల మూడున్నర.

"నేనడిగింది పాత ఎత్తు తిరిగి ఇమ్మని కదండీ" అంది వకుళ.

"తేడా గురించే కదమ్మా రాశారు? తేడా తీసేస్తున్నాం."

"అలవాటైన తేడా అని రాశాను."

"అలవాటైందంటే సమస్య పాతదన్నమాట" అన్నారు ఆయన సానుభూతిగా, ఆ ముక్క నోటు చేసుకుంటూ.

మౌనేశు లెక్కలు వేస్తూ నిలబడ్డాడు. "నేను మూడున్నరకి దిగితే అక్కడ పెద్దబల్ల వంకరైపోద్ది కదా సార్?"

"అవుద్ది. అందుకని మళ్లీ మీ నలుగురికీ సరాసరి. ఆ పైన వాళ్ల ఇళ్లల్లో మంచాలు. మంచాల మీదివాళ్లు వేరే ఆఫీసుల్లో పనిచేస్తే అక్కడి బల్లలు." ఇన్‌స్పెక్టరు గారు లేచి, సంచి భుజాన వేసుకున్నారు. అప్పుడు చూస్తే ఆయన చొక్కాచేతులు మోచేతుల దాకా నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి. చొక్కా ఒకప్పటి మనిషిది. "సమీకరణ మొదలైతే మధ్యలో ఆగదు బాబూ. మా ఇంట్లో అయిపోయింది. ఏమీ తెలీదు. మొదటి వారం స్విచ్చిబోర్డులు వెతుక్కుంటారు, అంతే."

ఆయన వెళ్లాక భ్రమరాంబ గారు గిన్నెడు పులిహోర పట్టుకుని వచ్చారు. గోడ సన్నం కాబట్టి ఆవిడకు సంగతి మళ్లీ చెప్పనక్కర్లేదు.

"ఇంతకీ ఏంటమ్మా ఆ ముఖం? మాకు ఏ ఆఫీసూ రాలేదు, ఏ చెక్కా పెట్టి కొలవలేదు. పెళ్లినాటికి నేను మా ఆయన కన్నా రెండంగుళాలు పొడుగు తెల్సా? పెళ్లిచూపుల్లో నన్ను కూర్చోబెట్టే చూపించారు, లేవనివ్వలేదు. కాస్త సర్దుకో, కాస్త సర్దుకో అని మా అత్తగారు అంటానే ఉండేవారు. ఆరేళ్లు పట్టింది." గోడ దగ్గర నిలబడ్డ ఆవిడ తల కిటికీ అంచుకు సరిగ్గా కిందికి వచ్చింది. "మీకు ఒక్కపూటలో అయిపోద్ది. పైగా మీ ఆయన కూడా తగ్గుతున్నాడు. అదృష్టవంతురాలివి. పులిహోర తినండి, చల్లారితే బాగోదు."

పులిహోర నిజంగానే బాగుంది. ఇంగువ గుబాళించింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. కంచం సంగతి ఎవరికీ రాయకూడదని వకుళ మనసులో అనుకుంది.

చేతులు కడుక్కున్నాక ఆమె వచ్చి మౌనేశుకు దగ్గరగా నిలబడింది. అతను గడ్డం ఆనించబోతే అది పాపిట మీదికి రాలేదు, నుదుటి మీద కుంకుమబొట్టుకు తగిలింది. జేబులో పెన్సిలు భుజానికి గుచ్చుకుంది. రేపటి నుంచి గడ్డానికి గడ్డం వస్తుంది. ఇద్దరూ కాసేపు కదలకుండా, ఇప్పటికి మిగిలిన అయిదు అంగుళాలూ ఉండగానే అలా నిలబడ్డారు.

వీధిలో మైకు కట్టిన ఆటో వచ్చింది. రేపు మంగళవారం ఉదయం పది గంటలకు వడ్రంగుల షెడ్డులో దంపతుల సమీకరణ జరుగుతుందనీ, ఇటీవల పెళ్లైన వారికి ప్రాధాన్యం ఇస్తారనీ, ఆడవారు కొప్పులు, తలలో పూలు లేకుండా రావాలనీ, లేకపోతే కొలతలో తేడా వస్తుందనీ చెప్పుకుంటూ మలుపు తిరిగింది.

వకుళ తలలోని మల్లెదండ తీసి, తడిగుడ్డలో చుట్టి, పొయ్యిగట్టు మీద జాడీ పక్కన పెట్టింది. భర్త చొక్కాచేతులను బొటనవేళ్లతో కొలిచి ఎన్ని మడతలు పెట్టాలో చూసుకుంది.

"రేపు తొమ్మిదిన్నరకే వెళ్లిపోదామండీ. ముందెళ్తే ముందైపోద్ది" అంది. "ముందు మీరు నిలబడండి, తర్వాత నేను నిలబడతాను. పదకొండుకల్లా ఇంటికొచ్చి కందిపచ్చడి చేస్తాను. తిరిగొచ్చాక పూలు పెట్టుకుంటాను."